బాలింత దాచుకొనే బాధ: ప్రసవానంతరం అడుగు కండరాల సంరక్షణ

ప్రసవం స్త్రీకి పునర్జన్మ వంటిదని మన పెద్దలు చెబుతారు. అందుకు తగినట్లే పురిటి ఇంట బాలింతకు జరిగే ఉపచారాలు ఎన్నో ఉన్నవి. వేడినీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ, కాయం, పథ్యం, నడికట్టు, చెవులలో దూది, ఇవన్నీ తరతరాలుగా వస్తున్నవే. బళ్ళారి, పావగడ, హోసూరు, పర్లాకిమిడి, సిరొంచ, యానాం, ఎక్కడ స్థిరపడిన తెలుగు ఇండ్లలోనైనా వీటిలో కొన్ని నేటికీ కనిపిస్తాయి. బిడ్డకు పాలు చాలుతున్నవా, బాలింతకు జ్వరం తగులలేదు కదా అని వచ్చినవారందరూ అడుగుతారు. కాని ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడుగరు. "దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం పడుతున్నదా తల్లీ?" అని కన్నతల్లి కూడా కూతురిని అడుగదు. కూతురు తనంతట తాను చెప్పదు.

అడుగకపోవుటకు కారణం సిగ్గు. చెప్పకపోవుటకు కారణం "పిల్లలు పుట్టిన తరువాత ఇది మామూలే" అనే నమ్మకం. ఈ బాధ చాలామందికి కలుగుతుందనే మాట నిజమే. ప్రసవించిన స్త్రీలలో సుమారు మూడవ వంతు మందికి మూత్రాన్ని ఆపుకొనే శక్తి కొంత తగ్గుతుందనీ, పదవ వంతు వరకు స్త్రీలకు మలాన్ని ఆపుకొనుట కష్టమవుతుందనీ వివిధ దేశాల పరిశోధనలను క్రోడీకరించిన వైద్యులు చెబుతున్నారు. అయితే చాలామందికి కలిగినంత మాత్రాన అది జీవితాంతం భరించవలసినది కాజాలదు. సకాలంలో గుర్తించి, సరియైన విశ్రాంతి, సరియైన సాధన కల్పిస్తే అధిక సంఖ్యాకులకు ఇది తగ్గిపోయే బాధ. దాచుకొన్నకొద్దీ పెరిగే బాధ. ఈ వ్యాసం వ్రాస్తున్న నేను వైద్యురాలను కాను, బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయురాలను. వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయాలను మన మాటలలో చెప్పుటయే నా ఉద్దేశం.

ఉట్టి వంటి కండరాలు

మన పెద్దల ఇండ్లలో దూలానికి ఉట్టి వ్రేలాడుతూ ఉండేది. పాలకుండ, పెరుగుకుండ, వెన్నకుండ దానిలో భద్రంగా నిలిచేవి. ఉట్టి త్రాళ్ళు గట్టిగా ఉన్నంతకాలం కుండలకు భయం లేదు. త్రాళ్ళు సాగితే కుండలు క్రిందికి జారుతాయి.

స్త్రీ శరీరంలో కూడా ఇటువంటి ఉట్టి ఒకటి ఉన్నది. ముందువైపు జఘనాస్థి నుండి వెనుకవైపు వెన్నెముక చివరనున్న తోక ఎముక వరకు కొన్ని కండరాలు పరచుకొని ఉంటాయి. వైద్యులు వీటిని పెల్విక్ ఫ్లోర్ కండరాలు అంటారు. ఈ వ్యాసంలో వీటిని "అడుగు కండరాలు" అని వ్యవహరిద్దాము. ముందు మూత్రాశయం, నడుమ గర్భసంచి, వెనుక మలాశయం, ఈ మూడింటినీ క్రిందినుండి మోసేవి ఇవే. మూత్ర మార్గం, యోని మార్గం, మల మార్గం ఈ కండరాల గుండానే వెలుపలికి వస్తాయి. కనుక మూత్రాన్ని, మలాన్ని, అపానవాయువును ఆపుటలోనూ విడుచుటలోనూ వీటిదే ముఖ్యమైన పాత్ర. మనం నవ్వినా, దగ్గినా, బిందె ఎత్తినా కడుపులోని ఒత్తిడి క్రిందికి దిగుతుంది. ఆ క్షణంలో అడుగు కండరాలు బిగుసుకొని ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తాయి. ఇది మనకు తెలియకుండానే జరిగిపోయే పని.

ప్రసవంలో వీటికి ఏమి జరుగుతుంది

తొమ్మిది నెలలు బిడ్డ, ఉమ్మనీరు, మాయ, పెరిగిన గర్భసంచి, వీటన్నిటి బరువును ఈ ఉట్టియే మోస్తుంది. కాన్పు సమయంలో బిడ్డ తల వెలుపలికి రావడానికి ఈ కండరాలలో కొంత భాగం తన మామూలు పొడవుకు మూడింతల కంటె ఎక్కువగా సాగవలసి వస్తుందని కంప్యూటరు నమూనాల ద్వారా శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. శరీరంలో మరే కండరమైనా అంతగా సాగితే తెగిపోతుంది. గర్భధారణలో వచ్చే మార్పుల వలన అడుగు కండరాలు చాలామందిలో ఆ సాగుదలను తట్టుకొంటాయి. కొందరిలో మాత్రం కండరం చిరుగుతుంది, లేదా దానికి ఆజ్ఞలందించే నరం నలుగుతుంది.

తొలికాన్పు, బిడ్డ బరువు ఎక్కువగా ఉండుట, నొప్పులు పడుతూ చాలాసేపు ముక్కవలసి రావడం, పట్టుకర్రలతో కాన్పు చేయుట, చిరుగు మలద్వారం వరకు పోవుట, ఇవన్నీ ఆ దెబ్బను పెంచే కారణాలు. సిజేరియన్ అయినవారికి ఈ బాధ తక్కువే అయినా అసలే రాదని చెప్పలేము. తొమ్మిది నెలల బరువును వారు కూడా మోసినవారే కదా.

చేయి విరిగితే కట్టు కట్టించుకొని నెలల తరబడి దానితో బరువు ఎత్తము. అడుగు కండరాలకు తగిలిన దెబ్బ కంటికి కనిపించదు. అందువలన వాటికి ఆ గౌరవం దక్కుటలేదు. కండరం, నరం కోలుకొనుటకు నెలల కాలం పడుతుంది. పురిటి స్నానంతో మైల తొలగిపోవచ్చును గాని కండరం ఆ రోజుకు కోలుకొని ఉండదు.

గుర్తించవలసిన లక్షణాలు

దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువు ఎత్తినా మూత్రం చుక్కలుగా పడుట. మూత్రం వస్తున్నదని తోచగానే మరుగుదొడ్డి చేరేలోపల పడిపోవుట. అపానవాయువును గాని, మలాన్ని గాని ఆపుకొనలేకపోవుట. సాయంత్రమయ్యేసరికి క్రింద బరువుగా, ఏదో జారుతున్నట్లుగా అనిపించుట. స్నానం చేయునప్పుడు యోని ద్వారం వద్ద మెత్తని ఉబ్బు చేతికి తగులుట. నెలలు గడిచినా దాంపత్యంలో నొప్పి తగ్గకపోవుట. వీటిలో ఏది ఉన్నా అడుగు కండరాలు బలహీనపడినవనో, వాటికి గాయమైనదనో అనుమానించవలెను. బరువుగా తోచుట, ఉబ్బు తగులుట గర్భసంచి గాని, మూత్రాశయం గాని, మలాశయం గాని తన స్థానం నుండి కొంత జారినదనుటకు గుర్తులు కావచ్చును.

మన ఆచారాలలో మేలు ఏది, మానవలసినది ఏది

బాలింతను పుట్టింట ఉంచి, మూడవ నెల వరకో ఐదవ నెల వరకో పనులకు దూరంగా ఉంచే ఆచారం చాలా గొప్పది. అడుగు కండరాలకు అంతకంటె మేలైన మందు లేదు. ఇప్పుడు చిన్న కుటుంబాలలో, కూలిపని మీద బ్రతికే ఇండ్లలో ఈ ఆచారమే ముందుగా సన్నగిల్లుతున్నది.

నడికట్టు విషయం వేరు. నడుముకు ఊతంగా వదులుగా కట్టుకొంటే కొందరికి హాయిగా ఉంటుంది. పొట్ట తగ్గవలెనని ఊపిరాడనంత బిగువుగా చుడితే కడుపులోని ఒత్తిడి క్రిందికే మళ్ళుతుంది. అప్పటికే అలసిన ఉట్టి మీద మరొక కుండ పెట్టినట్లవుతుంది.

పథ్యంలో భాగంగా బాలింతకు నీళ్ళు తక్కువగా ఇచ్చుట, కూరగాయలు మాన్పించుట కొన్ని ఇండ్లలో కలదు. దీనివలన మలబద్ధకం ఏర్పడుతుంది. ముక్కి ముక్కి మలవిసర్జన చేయుట అడుగు కండరాలకు పెద్ద శత్రువు. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడెల్లా కాచి చల్లార్చిన నీరు ఇవ్వవలెను. ఆకుకూరలు, పప్పు, రాగి సంకటి, జొన్నరొట్టె, పండ్లు పెట్టవలెను. కుట్లు చిట్లుతాయనే భయంతో కొందరు దొడ్డికి వెళ్ళుట వాయిదా వేస్తారు. దాని వలన మలం గట్టిపడి బాధ ఇంకా పెరుగుతుంది. శుభ్రమైన మెత్తని గుడ్డను మడిచి కుట్లపై తేలికగా అదిమి పట్టుకొంటే భయం తగ్గుతుంది. విరేచనానికి ఆముదం వంటివి వైద్యుని అడుగకుండా త్రాగించరాదు.

మొదటి ఆరు వారాలు

కాన్పు అయిన ఆరు గంటలలోపల బాలింతకు మూత్రం రావలెను. రాకపోతే నర్సుకు వెంటనే చెప్పవలెను. మూత్రాశయం నిండి ఉబ్బితే దాని గోడలు దెబ్బతింటాయి. ఆ తరువాతి రోజులలో కూడా మూత్రాన్ని చీకటి పడేదాకా బిగబట్టుకొనే అలవాటు మంచిది కాదు. మూత్రం పడుతున్నదనే భయంతో నీళ్ళు మానుట అంతకంటె చెడ్డది.

కుట్లను రోజూ మంచినీటితో శుభ్రం చేసుకొని, పొడిగా ఉంచుకొనవలెను. కడుగుకొనుట ఎప్పుడూ ముందు నుండి వెనుకకే జరుగవలెను. పగటి పూట కొంతసేపు వెల్లకిలా గాని, ప్రక్కకు తిరిగి గాని పడుకొని ఉంటే క్రింది కండరాల మీద బరువు తగ్గుతుంది. మంచం మీద నుండి లేచేటప్పుడు నేరుగా లేవక, ప్రక్కకు తిరిగి, చేతిని ఆనించి లేవవలెను. ఇంటిలో మెల్లగా నడచుట మంచిదే. బిడ్డ బరువును మించినది ఏదీ ఈ ఆరు వారాలూ ఎత్తరాదు.

దాంపత్యం విషయంలో భార్య శరీరం మానినదా, ఆమెకు సమ్మతమేనా అన్నదే ప్రమాణం. గాయం పూర్తిగా మానేదాకా, సాధారణంగా ఆరు వారాల పరీక్ష జరిగేదాకా, ఆగుట మేలు. మళ్ళీ గర్భం ధరించుటకు కనీసం 24 నెలలు వ్యవధి ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తల్లి శరీరం కోలుకొనుటకు ఆ వ్యవధి అవసరం.

అడుగు కండరాల సాధన

అమెరికాకు చెందిన ఆర్నాల్డ్ కేగెల్ అనే స్త్రీవ్యాధి వైద్యుడు 1948లో ఈ కండరాల సాధన గురించి వ్యాసం ప్రచురించాడు. నాటినుండి ఈ వ్యాయామాలకు ఆయన పేరే నిలిచిపోయినది. పరికరం అవసరం లేదు, డబ్బు అవసరం లేదు, ప్రక్కనున్నవారికి తెలియను కూడా తెలియదు. అయితే సరియైన కండరాన్ని గుర్తించుట ముఖ్యం.

నలుగురిలో కూర్చున్నప్పుడు అపానవాయువు రాబోతే ఎలా బిగబట్టుకొంటామో, అదే సమయంలో మూత్రాన్ని కూడా ఎలా ఆపుకొంటామో, ఆ రెండూ ఒక్కసారి చేసినట్లు ఊహించుకొనవలెను. లోపల ఏదో బిగుసుకొని పైకి లేచినట్లు తోస్తుంది. అదే అడుగు కండరం. పిరుదులు బిగుసుకొన్నా, తొడలు దగ్గరకు వచ్చినా, ఊపిరి నిలిచినా, కడుపు ముందుకు పొడుచుకొని వచ్చినా అది తప్పు పద్ధతి. క్రిందికి ముక్కినట్లు చేయుట మరీ తప్పు, అది మేలుకు బదులు కీడే చేస్తుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపుటను రోజువారీ సాధనగా పెట్టుకొనరాదు. దాని వలన మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

సాధన క్రమం ఇది.

1. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడుచుకొనవలెను. ఊపిరి మామూలుగా సాగుతూ ఉండవలెను.

2. కండరాన్ని మెల్లగా బిగించి, పైకి లాగి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి, మెల్లగా వదలవలెను. బిగించినంతసేపు విశ్రాంతి ఇవ్వవలెను. పూర్తిగా వదలుట కూడా సాధనలో భాగమే.

3. ఇలా 8 సార్లు చేస్తే ఒక విడత. రోజుకు మూడు విడతలు చేయవలెను. వారాలు గడిచినకొద్దీ మూడు అంకెలను ఐదుకు, ఎనిమిదికి, పదికి పెంచవలెను.

4. ప్రతి విడత చివర, చప్పున బిగించి చప్పున వదలుట కొన్నిసార్లు చేయవలెను. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు ఉపయోగపడేది ఈ చురుకుదనమే.

5. పడుకొని చేయుట తేలిక అయిన తరువాత కూర్చొని, ఆపైన నిలబడి చేయవలెను.

బిడ్డకు పాలిచ్చే వేళలను గుర్తుగా పెట్టుకొంటే మూడు విడతలూ మరచిపోకుండా జరుగుతాయి. మూత్రం కోసం గొట్టం వేసి ఉంటే దానిని తీసిన తరువాతనే ప్రారంభించవలెను. కుట్లు ఉన్నా నొప్పి లేనంత మెల్లగా మొదలుపెట్టవచ్చును. నొప్పి కలిగితే ఆపి, కొన్ని రోజుల తరువాత మళ్ళీ ప్రయత్నించవలెను. చిరుగు మలద్వారం వరకు పోయినవారు తమ వైద్యుని సలహాతోనే ప్రారంభించవలెను.

ఫలితం వారంలో కనిపించదు. మూత్రం పడే బాధ ఉన్నవారు కనీసం మూడు నెలలు, వీలైతే శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో, ఈ సాధన చేయవలెనని బ్రిటన్ దేశపు ఆరోగ్య మార్గదర్శకాలు చెబుతున్నవి. రోజుకు మూడు విడతలు, విడతకు కనీసం 8 బిగింపులు అనే లెక్క అక్కడిదే. ఈ సాధన వలన ఎక్కువ మేలు పొందేవారు ఇద్దరు. ఒకరు గర్భిణిగా ఉన్నప్పుడే మొదలుపెట్టినవారు, మరొకరు లక్షణాలు కనిపించగానే పట్టుదలతో చేసినవారు. ఏ లక్షణమూ లేని బాలింతలందరూ ప్రసవానంతరం దీనిని నివారణ కోసం మొదలుపెట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేయలేదు. కనుక ఇంట గర్భిణి ఉంటే ఈ పాఠం ఇప్పుడే నేర్పవలెను. బాలింతకు బాధ ఉంటే నేడే మొదలుపెట్టించవలెను.

మరొక చిన్న ఉపాయం కలదు. దగ్గు రాబోతున్నదని తెలియగానే ముందుగా కండరాన్ని బిగించి, ఆ తరువాత దగ్గవలెను. బిందె ఎత్తేముందు, బిడ్డను ఎత్తుకొనేముందు కూడా అంతే. 1998లో మిషిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వయసు మళ్ళిన స్త్రీలకు ఈ ఉపాయం నేర్పగా, వారం రోజులలోనే దగ్గుతో పడే మూత్రం బాగా తగ్గినట్లు ప్రకటించారు. "ముందు బిగింపు, తరువాత దగ్గు. ముందు బిగింపు, తరువాత బరువు" అని గుర్తుంచుకొంటే చాలును.

బరువులు మోసేది ఎవరు?

వ్యాయామం ఒక్కటే చాలదు. లీటరు నీరు ఒక కిలో బరువు. పదిహేను లీటర్లు పట్టే బిందె నిండితే పదిహేను కిలోలు, బిందె బరువు అదనం. రోజుకు ఆరు బిందెలు మోసే బాలింత తొంభై కిలోలకు పైగా ఎత్తినట్లు. రాయచూరు వైపు ప్రత్తి మూటలు, పావగడ వైపు వేరుశనగ కట్టలు, గంజాం, గజపతి జిల్లాలలో వరినాట్లు, సిరొంచ అడవులలో తునికాకు కట్టలు, ప్రాంతాన్ని బట్టి పని పేరు మారుతుంది గాని బరువు పడేది ఆ కండరాల మీదనే.

పని మానుకొంటే పూట గడవని ఇండ్లు ఉన్నవని ఎరుగుదును. కాని పనులన్నీ ఒక్కటి కావు. కూర్చొని చేసే పని బాలింతకు, ఎత్తి మోసే పని ఇతరులకు అని పంచుకొనుట ఏ ఇంటనైనా సాధ్యమే. నీళ్ళు మోయుట భర్త చేపట్టవలసిన మొదటి పని. ఇది మగవానికి చిన్నతనం కాదు. తప్పక ఎత్తవలసి వస్తే పెద్ద బిందెకు బదులు చిన్న బిందెతో రెండు సార్లు తెచ్చుకొనుట మేలు. నడుము వంచక మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొని, ఊపిరి వదులుతూ లేవవలెను.

విడువని దగ్గు కూడా బరువు వంటిదే. కట్టెల పొయ్యి పొగ ఉన్నచోట బాలింతను కూర్చోబెట్టరాదు. దగ్గు రెండు వారాలు మించితే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా క్షయ పరీక్ష చేయించవలెను.

గర్భసంచి తీయించే ముందు

ఈ బాధను దాచుకొన్న స్త్రీలు ముప్పయి అయిదో, నలభయ్యో ఏండ్లు వచ్చేసరికి భరించలేక ఆసుపత్రికి వెళుతారు. "పిల్లలు పుట్టారు కదా, ఇక ఆ సంచి ఎందుకు, తీయించివేయుము" అనే సలహా బంధువుల నుండే వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురు గర్భసంచి తీయించుకొన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆ సంఖ్య దేశ సగటుకు రెట్టింపు కంటె ఎక్కువ. దీనికి అధిక రక్తస్రావం, గడ్డలు మొదలైన కారణాలు అనేకం ఉన్నవి. వాటిలో గర్భసంచి జారుట ఒకటి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకొనవలెను. గర్భసంచి తీసివేస్తే కుండ పోతుంది, ఉట్టి బాగుపడదు. అడుగు కండరాలు బలహీనంగానే మిగిలితే మూత్రాశయం గాని, యోని పైభాగం గాని తరువాత జారవచ్చును. శస్త్రచికిత్స తప్పనిసరి అయ్యే సందర్భాలు లేకపోలేదు. అయితే కొద్దిగా జారిన స్థితిలో పర్యవేక్షణతో కూడిన సాధన వలన లక్షణాలు తగ్గుతాయి. జారిన భాగాన్ని నిలిపి ఉంచుటకు యోనిలో అమర్చే మెత్తని రింగు కూడా కలదు. కనుక కత్తికి ఒప్పుకొనేముందు "వ్యాయామంతో గాని, రింగుతో గాని తగ్గదా?" అని వైద్యుని అడుగవలెను. వీలైతే మరొక వైద్యుని అభిప్రాయం కూడా తీసుకొనవలెను. ఇది అవిశ్వాసం కాదు, రోగి హక్కు.

ఎవరికి, ఏ భాషలో చెప్పవలెను?

గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ ప్రాంతంలో తెలుగువారు ఎందరో నివసిస్తున్నారు. అదే జిల్లాలోని రెండు గ్రామాలలో డాక్టరు రాణీ బంగ్, డాక్టరు అభయ్ బంగ్ దంపతులు 650 మంది స్త్రీలను పరీక్షించి, ఆ వివరాలను 1989లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. వారిలో నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన వ్యాధి ఉన్నది. అంతకుముందు ఎప్పుడైనా అటువంటి పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 8 మంది మాత్రమే. ఆ 92కూ ఆ 8కీ నడుమ ఉన్న అంతరంలో మౌనం పాలు తక్కువ కాదు. ఆ దంపతులు తరువాత గడ్చిరోలిలోనే రూపొందించిన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ పద్ధతి నేడు దేశమంతటా ఆశా కార్యకర్తల విధిగా మారినది. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి రావలెను. ఆమె వచ్చేది బిడ్డ కోసం మాత్రమే కాదు, తల్లి బాధ చెప్పుకొనుటకు కూడా ఆ ఆరు రాకలే తగిన అవకాశం.

సరిహద్దు కుటుంబాలకు ఒక చిక్కు కలదు. అత్తవారిల్లు ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు మరొక రాష్ట్రంలో ఉంటాయి. గర్భిణిగా పేరు నమోదైనది ఒక చోట, బాలింతగా ఉండేది మరొక చోట. అందువలన కాన్పుకు వెళ్ళేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డును తప్పక వెంట తీసుకొనిపోవలెను. చేరిన రోజుననే ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు చేయవలెను.

మరొక చిక్కు భాష. బజారులో బేరమాడుటకు సరిపోయే పరభాష ఈ బాధ చెప్పుకొనుటకు చాలదు. ఇంటిలో తెలుగు తప్ప ఎరుగని కోడలు భర్త ద్వారానో, మరిది ద్వారానో ఈ మాట చెప్పించలేదు కదా. అటువంటివారు ఈ వాక్యాలను కంఠస్థం చేసుకొనవచ్చును.

"దగ్గితే మూత్రం పడుతున్నది" అనుటకు:
కన్నడంలో: కెమ్మిదరె మూత్ర సోరుత్తె.
తమిళంలో: ఇరుమినాల్ సిరునీర్ కసియుదు.
ఒడియాలో: కాశిలే పరిస్రా బాహారి జాఉఛి.
మరాఠీలో: ఖోకల్యావర్ లఘవీ గళతే.

"గర్భసంచి క్రిందికి జారినట్లున్నది" అనుటకు:
కన్నడంలో: గర్భకోశ కెళగె జారిదంతె అనిసుత్తె.
తమిళంలో: కర్పప్పై కీళే ఇరంగిన మాదిరి ఇరుక్కు.
ఒడియాలో: గర్భాశయ తళకు ఖసిలా భళి లాగుఛి.
మరాఠీలో: అంగ బాహేర్ యేతం.

నోట రాకపోతే ఈ వాక్యాన్ని ఆ లిపి వచ్చిన ఆడపిల్లచేత చీటీ మీద వ్రాయించుకొని నర్సు చేతికి ఇచ్చినా చాలును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరిష్కారం కాకపోతే పెద్ద ఆసుపత్రికి వ్రాసి పంపుమని అడుగవలెను. బళ్ళారి, రాయచూరు, కృష్ణగిరి, బరంపురం, కోరాపుట్, నాందేడ్ పట్టణాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నవి. యానాం వారికి కాకినాడ సమీపంలోనే ఉన్నది. అక్కడ స్త్రీవ్యాధుల విభాగాన్ని, ఫిజియోథెరపీ విభాగాన్ని అడిగి తెలుసుకొనవచ్చును.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఈ క్రింది లక్షణాలకు ఇంటి వైద్యం గాని, వ్యాయామం గాని పనికిరావు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. అత్యవసరమైతే 108కి ఫోను చేయవలెను.

గంటలోపలనే గుడ్డ తడిసిపోయేంత రక్తస్రావం. జ్వరం, చలి, దుర్వాసనతో కూడిన స్రావం. కుట్లు విడిపోవుట, చీము పట్టుట. మూత్రం అసలే రాకపోవుట. ఒక కాలి పిక్క వాచి నొప్పిగా ఉండుట, ఆయాసం, గుండెలో నొప్పి. యోని మార్గం గుండా అపానవాయువు గాని, మలం గాని వచ్చుట. దగ్గుతో సంబంధం లేకుండా పగలూ రాత్రీ మూత్రం ఎడతెగక కారుతూ ఉండుట.

చివరి రెండు లక్షణాలు కండరాల బలహీనత వలన కలిగేవి కావు. చాలాసేపు సాగిన కష్టకాన్పులోనో, పెద్ద చిరుగులోనో మార్గాల నడుమ రంధ్రం పడినప్పుడు ఇలా జరుగుతుంది. తగిన ఆసుపత్రిలో శస్త్రచికిత్సతో దీనిని సాధారణంగా బాగుచేయవచ్చును. అటువంటి స్త్రీని వాసన వస్తున్నదని దూరంగా కూర్చోబెట్టుట అజ్ఞానం, అన్యాయం కూడా.

ఇంటిల్లిపాదికీ మనవి

ఈ వ్యాసాన్ని ఇంటిలో చదువు వచ్చినవారు చదువురాని పెద్దవారికి చదివి వినిపించవలెను. అత్తగారు, అమ్మగారు ఇద్దరూ వినవలెను. ఏండ్ల తరబడి గుడ్డలు మడిచి పెట్టుకొంటూ, పెండ్లిళ్ళకు, ప్రయాణాలకు దూరమైన పెద్దవారు వారిలోనే ఉండవచ్చును. వారికీ చెప్పునది ఒక్కటే, సాధనకు వయసు అడ్డు కాదు. భర్తలు నీళ్ళ బిందె విషయం మరువరాదు. పురిటి ఇంటికి వెళ్ళినవారు బిడ్డ ఎవరి పోలిక అని అడిగిన తరువాత, బాలింతను ప్రక్కకు పిలిచి ఆ ఒక్క ప్రశ్న కూడా నెమ్మదిగా అడుగవలెను. ఆమె అవునంటే మరునాడే ఆరోగ్య కేంద్రానికి తోడు వెళ్ళవలెను.